జలయంత్రమునకు ముందు జలము

హైదరాబాదున చార్మినారునకు ఉత్తరముగా, నాలుగు కమానుల నడుమ గుల్జారు హౌజ్ అను పురాతన జలయంత్రము కలదు. కుతుబ్‌షాహీల కాలమునాటి ఈ కట్టడమును పూర్వము ‘చార్ సూ కా హౌజ్’, అనగా నాలుగు దిక్కుల తొట్టి, అనెడివారు. అదే నగరమున హుస్సేనుసాగరముపై 2023 ఫిబ్రవరిలో, సుమారు 17 కోట్ల రూపాయల వ్యయముతో, తేలియాడు సంగీత జలయంత్రము ప్రారంభింపబడినది. సంజవేళ రంగుదీపముల వెలుగున పాటకు తగినట్లు నీరు నర్తించుట కనులపండువే. ఈ వినోదమును మేము నిందింపము.

కాని యీ రెంటికిని గల భేదమును గమనింపవలెను. విద్యుచ్ఛక్తి లేని కాలమున నీరు పైకి చిమ్మవలెనన్న, ఎత్తున నీటి నిలువ యుండవలెను. అచటినుండి దారి చెడకుండవలెను. కావున ఆనాటి జలధార ఊరి నీటివసతికి సాక్ష్యము. నేటి యంత్రమో, ఉన్న నీటినే ఎగజిమ్మి మరల దింపుకొనును. చెరువు మురికిదైనను, ఊరు దప్పిగొన్నను, దాని నాట్యమునకు లోటు లేదు.

నల్లగొండ, పాలమూరు సీమలవారికి నీటి విలువ వేరుగ చెప్పనక్కరలేదు. ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంగిన జనులను నల్లగొండ చూచినది. పటిక, సున్నము కలిపి ఆ దోషమును తగ్గించు పద్ధతికి 1970 దశకమున ఆ జిల్లా పేరే వచ్చినది. దేశమున ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీల స్వంత చేలు ఎండియుండెను. 2015లో ఆరంభమైన మిషన్ భగీరథ గొట్టముల ద్వారా నదీజలమును పల్లెలకు తెచ్చుట సంతోషకరము. అంతమాత్రమున చెరువులను మరువరాదు. కందూరు చోళుల నాటి పానగల్లు ఉదయసముద్రము నేటికిని మనకు అక్కరకు వచ్చుచున్నది గదా!

మన పట్టణములందును దీపముల జలయంత్రములు కావలెనని కోరుట సహజమే. అయితే పురపాలక సంఘములు ముందుగా చెరువులలోనికి మురుగు పారకుండ జూడవలెను. వరదకాలువల పూడిక తీయింపవలెను. శికము భూములను తమ పొలములలో, ఇండ్ల స్థలములలో కలుపుకొన్నవారు వానిని విడువవలెను. ఈ తుదిమాట ప్రభుత్వమునకు గాక, భూస్వాములును పట్టణవాసులును అగు మన పాఠకులకే చెప్పుచున్నాము. చెరువు నిండిన పిమ్మట దీపములు పెట్టుడు, పాటలు పాడింపుడు. మేమును వచ్చి చూచెదము.