ఎన్నికల కరదీపిక బరువెక్కింది – చదివే వ్యవధి చిక్కిపోయింది

నరసరావుపేట: 2024 మే నెలాఖరులో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రాజకీయాలన్నీ కొద్ది రోజులపాటు ఒక రబ్బరు ముద్ర చుట్టూ తిరిగాయి. మే 13న పోలింగ్ ముగిసింది. జూన్ 4న లెక్కింపు. ఈ మధ్యలో తేలవలసి వచ్చిన ప్రశ్న ఇది: ఎన్నికల విధులకు వెళ్లిన ఉద్యోగి వేసిన పోస్టల్ ఓటుకు జతపరిచే 13-ఎ ధ్రువపత్రంపై అధికారి సంతకం మాత్రమే ఉండి, ఆయన పేరు, హోదా, కార్యాలయ ముద్ర లేకపోతే ఆ ఓటు చెల్లుతుందా, చెల్లదా?

చెల్లుతుందని అధికారులు ఉత్తర్వులిచ్చారు. ధ్రువీకరించే అధికారిని రిటర్నింగ్ అధికారే నియమించారు కాబట్టి ఆయన సంతకం చాలునన్నది వారి వాదన. వైఎస్సార్ కాంగ్రెస్ దీనిని సవాలు చేస్తూ హైకోర్టుకు వెళ్లింది. జూన్ 1న హైకోర్టు జోక్యానికి నిరాకరించింది. జూన్ 3న సుప్రీంకోర్టు కూడా అదే పని చేసింది. తెల్లవారితే లెక్కింపు.

ఉత్తర్వులో తర్కం లేకపోలేదు. సంతకం కోసం వచ్చిన ఉద్యోగి ఓటు వేశాడు. అధికారి ముద్ర వేయడం మరిచిపోతే ఆ తప్పు ఓటరుది ఎలా అవుతుంది? అయితే ఈ మాట మే మొదటి వారంలో, పోస్టల్ ఓట్లు వేసే కేంద్రాలు తెరవక ముందే చెప్పి ఉంటే ఎవరూ నోరెత్తేవారు కాదు. ఓట్లు పెట్టెలలో పడిన తర్వాత, లెక్కింపునకు పది రోజులైనా లేని సమయంలో చెప్పడం వలన, ఎంత న్యాయమైన ఉత్తర్వయినా ఒక పక్షానికి అనుకూలమైనదిగానూ, మరొక పక్షానికి ప్రతికూలమైనదిగానూ కనిపించింది. బల్ల దగ్గర ముద్ర ఒకటి ఉంచి, అది పడిందో లేదో చూసుకోవడానికి ఒక గుమాస్తాను కూర్చోబెడితే సరిపోయే సంగతి దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది.

లోక్‌సభ ఎన్నికలు నిర్వహించే అధికారుల కోసం ఎన్నికల సంఘం వెలువరించే మార్గదర్శకాల కథ చాలావరకు ఇలాగే నడుస్తున్నది. ప్రతి వివాదం తర్వాత ఒక సూచన చేరుతుంది. రిటర్నింగ్ అధికారికి ఒక పుస్తకం, ప్రిసైడింగ్ అధికారికి ఒక పుస్తకం, లెక్కింపు ఏజెంట్లకు వేరొకటి, వాటిపైన ఎప్పటికప్పుడు సర్క్యులర్లు. రాసినవారికి చిత్తశుద్ధి లేదని ఎవరూ అనలేరు. చదవవలసిన మనిషి పరిస్థితి ఏమిటన్నదే ప్రశ్న.

ఓటరుకు 35 సెకన్లు

ఆ మనిషి చాలా చోట్ల బడిపంతులే. ముందురోజు మధ్యాహ్నం పంపిణీ కేంద్రంలో యంత్రాలు, కవర్లు, లక్క, దారం, చెరగని సిరా లెక్క చూసుకుని, బస్సులో ఊరు చేరి, బడి గదిలోనే నడుం వాల్చి, తెల్లవారుజామున లేస్తాడు. పోలింగుకు గంటన్నర ముందు, అంటే అయిదున్నరకు, ఏజెంట్ల సమక్షంలో నమూనా పోలింగ్ మొదలు కావాలి. కనీసం 50 ఓట్లు వేయాలి. మన రాష్ట్రంలో లోక్‌సభకు, శాసనసభకు ఒకే రోజు ఎన్నిక కాబట్టి యంత్రాలు రెండు వరుసలు. తెల్ల బ్యాలెట్ పత్రమున్నది లోక్‌సభకు, గులాబీ రంగుది శాసనసభకు. నమూనా ఓట్లు వందకు చేరాయి. వీవీప్యాట్ పెట్టెలలో పడిన వంద చీటీలను ఏరి, లెక్కించి, వెనుక ముద్ర వేసి, నల్ల కవరులో పెట్టి సీలు చేయాలి. ఏడు గంటలకు మొదటి ఓటరు గుమ్మంలో ఉంటాడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. 2024లో రాష్ట్రంలో ఓటర్లు 4 కోట్ల 14 లక్షలు, పోలింగ్ కేంద్రాలు 46 వేల పైచిలుకు. సగటున కేంద్రానికి 890 మంది. ఈ సగటు చూసి అధికారులు ధైర్యంగా ఉండవచ్చు. కాని సగటు ఓటరు ఏ ఊళ్లోనూ ఉండడు. అప్పటి నిబంధన ప్రకారం కేంద్రానికి 1500 మంది వరకు ఉండవచ్చు. 1400 మంది ఓటర్లున్న కేంద్రంలో 80 శాతం పోలైతే 1120 మంది. ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు పదకొండు గంటలు. ఎక్కడా ఒక్క నిమిషం ఆగకుండా సాగినా, ఒక్కొక్క ఓటరుకు దక్కేది 35 సెకన్లు. ఆ 35 సెకన్లలో జాబితాలో పేరు వెతకాలి, ఏజెంట్లకు వినబడేలా చదవాలి, వేలికి సిరా పెట్టాలి, రిజిస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఓటు వేశాక చీటీ కిటికీలో ఏడు సెకన్లు కనిపిస్తుంది. అది కూడా రెండుసార్లు. కళ్లు కనిపించని అవ్వ మనవడితో వచ్చిందా, ఆ కుర్రవాడికి పద్దెనిమిది నిండాయా, ఇదివరకే ఇంకెవరికైనా తోడుగా వచ్చాడా అని విచారించి, అతని వద్ద ధ్రువపత్రం తీసుకుని, 14-ఎ జాబితాలో రాసుకోవాలి. నిబంధన ఒప్పుకునేది ఒక సహాయకుడికి రోజుకు ఒక్క ఓటరే.

వ్యవధి తీరేసరికి వరుసలో మిగిలినవారికి చీటీలివ్వాలి. ఈ పద్ధతిని ఆలోచించిన బుర్ర మెచ్చుకోదగినది: చీటీలు వరుస చివర ఉన్నవాడి నుంచి మొదలుపెట్టి ముందుకు పంచుకుంటూ రావాలి. అప్పుడు ఆలస్యంగా వచ్చినవాడు వెనుక చేరే వీలుండదు. 2024 మే 13న రాష్ట్రంలో ఇలా చీటీలు పట్టుకున్నవారు చాలా కేంద్రాలలో చీకటి పడ్డాక కూడా నిలబడ్డారు. కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటింది.

ఆనాటి సాయంత్రం ప్రకటించిన పోలింగ్ శాతం దాదాపు 68. తుది లెక్కలో యంత్రాలలో పోలైన ఓట్లు 80.66 శాతమని తేలింది. ఈ తేడా ఎక్కడిదని పెద్ద ప్రశ్నే లేచింది. పై లెక్క చూసినవారికి రాత్రి వరకు వరుసలు సాగడం ఆశ్చర్యమనిపించదు. కాని ఒక ప్రశ్నను ఊహతో తీర్చలేము. కేంద్రం కేంద్రానికి కాగితం చూపాలి. ఆ కాగితం పేరు ఫారం 17-సి.

ఆ ఒక్క కాగితం

పోలింగుకు, లెక్కింపునకు మధ్య ఉన్న వంతెన ఇదొక్కటే. ఆ కేంద్రానికి చెందిన ఓటర్లెందరు, రిజిస్టరు ప్రకారం వచ్చినవారెందరు, సంతకం పెట్టి ఓటు వేయకుండా వెళ్లినవారెందరు, రహస్యం పాటించనందున ప్రిసైడింగ్ అధికారి ఓటు వేయనివ్వని వారెందరు, చీటీలో వేరే గుర్తు వచ్చిందన్న ఫిర్యాదుపై వేయించిన పరీక్ష ఓట్లెన్ని, చివరకు యంత్రం చూపే మొత్తం ఎంత అన్నవన్నీ ఇందులో ఉండాలి. కూడికలు, తీసివేతలు కుదరాలి. ప్రతి ఏజెంటుకూ నకలు ఇవ్వాలని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు శాసిస్తున్నాయి. మన రాష్ట్రంలో ఇవి కూడా రెండు.

ఇంతటి కాగితాన్ని పూరించే వేళ ఎప్పుడో గమనించాలి. తెల్లవారుజామున లేచిన మనిషి, రాత్రి తొమ్మిదికో పదకొండుకో, కొన్నిచోట్ల అంతకన్నా ఆలస్యంగా, బయట బస్సు డ్రైవరు హారన్ కొడుతుండగా దీనిని నింపుతాడు. ఏజెంట్లలో కొందరు అప్పటికే ఇళ్లకు వెళ్లి ఉంటారు. ఉన్నవారు నకలు త్వరగా ఇమ్మని తొందరపెడతారు. అంకె ఒకటి తారుమారైతే, లెక్కింపు రోజున ఆ యంత్రం పక్కకు వెళుతుంది. నమూనా ఓట్లు చెరిపివేయడం మరచిపోయినా అంతే. మూట, ఫలితం, తుడుపు అనే మూడు మీటలలో చివరిది నొక్కకపోతే ఆ 50 ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. ఒకప్పుడు విజేత ఆధిక్యం పెద్దదైతే ఇలాంటి యంత్రాన్ని పక్కన పెట్టి ఫలితం ప్రకటించేవారు. 2025లో ఎన్నికల సంఘం ఆ కేంద్రాల వీవీప్యాట్ చీటీలు లెక్కించడం తప్పనిసరి చేసింది. మంచిదే. కాని ఇదీ తప్పు జరిగిన తర్వాతి మందే.

17-సి లెక్కలను వెంటనే ప్రజల ముందుంచాలని 2024 ఎన్నికల నడుమ సుప్రీంకోర్టులో వాదన జరిగింది. చట్టం ఏజెంట్లకే ఇమ్మంటున్నదని ఎన్నికల సంఘం సమాధానం చెప్పింది. మే 24న కోర్టు మధ్యంతర ఉత్తర్వులకు నిరాకరించింది. ఆ మర్నాడు సంఘమే అప్పటికి ముగిసిన అయిదు దశల ఓట్ల సంఖ్యలను నియోజకవర్గాల వారీగా విడుదల చేసింది. ఇక్కడ కూడా అదే తీరు. ఇచ్చిన సమాచారం సరైనదే, ఇచ్చిన వేళే ఆలస్యం.

అయిదు వందల జరిమానా

తప్పు చేసిన అధికారికి శిక్ష సంగతి విచిత్రంగా ఉంటుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 134వ సెక్షన్ ప్రకారం ఎన్నికల విధిలో అలక్ష్యానికి జరిమానా 500 రూపాయల వరకు. దొంగ ఓటరని ఏజెంటు అభ్యంతరం చెప్పడానికి చెల్లించవలసిన రుసుము ఇప్పటికీ రెండు రూపాయలే. ఆ సొమ్ముకు ఇవాళ టీ కూడా రాదు. కాని అదే చట్టంలోని 28-ఎ ప్రకారం ఆ పంతులు ఎన్నికలు ముగిసేవరకు ఎన్నికల సంఘానికి డెప్యుటేషన్‌పై ఉన్నట్లే లెక్క. క్రమశిక్షణ వారి చేతిలో ఉంటుంది. అయిదు వందల జరిమానాకు ఎవరూ భయపడరు, సస్పెన్షన్‌కు అందరూ భయపడతారు.

పల్నాడు ఆ సంగతి దగ్గరగా చూసింది. పోలింగ్ నాడు మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు కేంద్రంలో ఓటింగ్ యంత్రాన్ని నేలకు విసిరికొట్టిన దృశ్యం వెబ్ కెమెరాలో నమోదైంది. జిల్లాలో పోలింగ్ నాటి హింస దరిమిలా ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టరును బదిలీ చేసింది. యంత్రం విరిగితే రిటర్నింగ్ అధికారికి తెలియజేయాలి, పోలింగ్ ఆపాలి, డైరీలో సమయంతో సహా రాయాలి అని కరదీపిక స్పష్టంగానే చెబుతుంది. ఎదురుగా నిలిచినవాడు ఊరి పెత్తందారు అయినప్పుడు, మర్నాడు అదే మండలంలో బడికి వెళ్లవలసిన పంతులు డైరీలో ఎవరి పేరు రాయాలో మాత్రం చెప్పదు. పుస్తకం వల్ల అయ్యే పనికి ఒక హద్దుంది. అక్కడి నుంచి పోలీసుల బాధ్యత.

ముందుగా ఆలోచిస్తే ఎంత పెద్ద చిక్కైనా గట్టెక్కుతుందనడానికి మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీపడ్డారు. వారిలో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి. నోటాతో కలిపి ప్రతి కేంద్రంలో 12 యూనిట్లు అవసరమయ్యాయి. 1996లో నల్గొండలో ఫ్లోరైడ్ నీటిపై నిరసనగా 480 మంది బరిలో నిలిచినప్పుడు ఎన్నిక వాయిదా వేసి, పుస్తకమంత బ్యాలెట్ పత్రం అచ్చు వేయవలసి వచ్చింది. నిజామాబాద్‌లో మాత్రం కొత్త తరహా యంత్రాలు తెప్పించారు. యూనిట్లను బల్లలపై ‘ఎల్’ ఆకారంలో పేర్చాలని నిర్ణయించారు. ఆ ఒక్క స్థానానికి పోలింగ్ వేళను ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు మార్చి, నమూనా పోలింగుకు అదనపు సమయం ఇచ్చారు. ఏప్రిల్ 11న, ముందు ప్రకటించిన రోజునే, పోలింగ్ జరిగింది. అక్కడి సిబ్బంది మిగతా జిల్లాల వారికన్నా తెలివైనవారేమీ కాదు. ఏమి చేయాలో ముందే తెలిసింది, చేయడానికి సమయం దొరికింది.

ఇటీవలి మార్పులలో రెండు ఈ దారిలోనివి. 2025 నుంచి కేంద్రానికి 1200 మందికి మించి ఓటర్లు ఉండరాదన్నారు. ఇంతకు ముందు వేసిన లెక్కే మళ్లీ వేస్తే ఓటరుకు 41 సెకన్లు దక్కుతాయి. ఆరు సెకన్లు చిన్నవిగా కనిపించవచ్చు. వెయ్యి మందికి అవి గంటా నలభై నిమిషాలు. రెండవది, ప్రిసైడింగ్ అధికారులే రెండు గంటలకొకసారి పోలింగ్ సంఖ్యను ఫోనులోని యాప్‌లో నమోదు చేయాలన్నది. సాయంత్రం అంకెకు, తుది అంకెకు మధ్య అనుమానాలకు తావు తగ్గించడం దీని ఉద్దేశం. అయితే ఇదీ ఆ మనిషి నెత్తినే పడింది. వరుస నడిపేదీ ఆయనే, అభ్యంతరం విచారించేదీ ఆయనే, ఇప్పుడు ఫోను నొక్కేదీ ఆయనే.

2029 లోక్‌సభ ఎన్నికలకు ఇంకా వ్యవధి ఉంది. కొత్త సర్క్యులర్ల కన్నా కొన్ని చిన్న ఏర్పాట్ల అవసరమే ఎక్కువ. శిక్షణ తరగతిలో కల్యాణ మండపం నిండా జనాన్ని కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపే బదులు, ప్రతి ప్రిసైడింగ్ అధికారి చేత తప్పుడు అంకెలున్న ఒక 17-సి ని దిద్దించాలి. మన రాష్ట్రంలో రెండు ఎన్నికలు ఒకే రోజున వస్తాయి కాబట్టి, సాయంత్రం అయిదింటికి ఒక కొత్త మనిషిని, పొద్దుటి నుంచి అలసిపోని మనిషిని, కాగితాల కోసమే ప్రతి పెద్ద కేంద్రానికి పంపాలి. యంత్రాలు అప్పగించే కేంద్రంలో రసీదు ఇచ్చే ముందే ఆ ఫారంను ఫొటో తీసి మర్నాటి ఉదయానికి జిల్లా వెబ్‌సైటులో ఉంచవచ్చు. ఏజెంట్ల చేతిలో ఎలాగూ నకలు ఉంటుంది. దాచవలసిన రహస్యం అందులో లేదు. ఇక 13-ఎ ధ్రువపత్రంపై పేరు, హోదా, ముద్ర అవసరమా కాదా అన్నది నోటిఫికేషన్ వెలువడే నాటికే ఒక్క వాక్యంలో తేల్చి, పోస్టల్ ఓటు వేసే గది గోడ మీద అతికించాలి.