తూము హ్యాండిలు ఎవరి చేతిలో ఉంది?

మా నాయన కేసీ కెనాల్ మీద తూములు తెరిచి మూసే లస్కరుగా పనిచేశాడు. చాపాడు దగ్గర మా ఇంట్లో తలుపు వెనక షట్టరు తిప్పే ఇనుప హ్యాండిలు ఉండేది. పార అడిగినా గడ్డపార అడిగినా ఇచ్చేవాడు కానీ, హ్యాండిలు మాత్రం సొంత తమ్ముడికీ ఇచ్చేవాడు కాదు.

నేను మైదుకూరులో కూర్చుని బెంగుళూరు కంపెనీకి వెబ్‌సైట్లు కడతాను. నా పనిలోనూ తూములున్నాయి, హ్యాండిళ్లున్నాయి. వాటిని మేం ఎవరికి పడితే వాళ్లకు ఇచ్చేస్తున్నామన్నదే నా బాధ.

ఒక వెబ్‌సైటు వెనక వందల జావాస్క్రిప్ట్ ఫైళ్లుంటాయి. ఒకదానికి ఇంకొకటి కావాలి, దానికి మరొకటి. మొదటి ఫైలు పట్టుకుని ఈ గొలుసంతా వెతికి, బ్రౌజరుకు పంపడానికి కొద్ది ఫైళ్లుగా మూటకట్టేది బండ్లరు. టోబియాస్ కోపర్స్ అనే జర్మన్ 2012లో మొదలుపెట్టిన వెబ్‌ప్యాక్ వీటిలో బాగా పేరున్నది.

బండ్లరు పని తీరు మా కేసీ కెనాల్ లాంటిదే. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి, 1863లో తవ్వడం మొదలుపెట్టిన ఆ కాలవ కర్నూలు నుంచి కడప దాకా దాదాపు 300 కిలోమీటర్లు వస్తుంది. దారి ఖాయం, తూములున్న చోట్లు ఖాయం. ఏ తూము దగ్గర ఏం చేయాలన్నది మాత్రం లస్కరు చేతిలో ఉంటుంది. వెబ్‌ప్యాక్‌లో ఈ తూముల పేరు హుక్కులు. పని మొదలయ్యేటప్పుడు ఒకటి, ఫైళ్లు పోగుచేసేటప్పుడు ఒకటి, తయారైన మూటను డిస్కు మీద రాసే ముందు 'ఎమిట్' అని ఒకటి, ఇలా పదుల కొద్దీ ఉన్నాయి. లస్కరే ప్లగిన్. వెబ్‌ప్యాక్ మొదట ప్రతి ప్లగిన్‌లోని 'అప్లై' అనే ఫంక్షన్‌ను పిలిచి, 'కంపైలర్' అనే వస్తువును దానికి అప్పగిస్తుంది. "ఎమిట్ దగ్గరికి వచ్చినప్పుడు నన్ను పిలువు" అని ప్లగిన్ పేరు రాయించుకుంటుంది. అక్కడికి రాగానే పిలుపు వస్తుంది. వెబ్‌ప్యాక్ తన సొంత పనులు కూడా చాలావరకు ఇలాంటి ప్లగిన్లతోనే చేసుకుంటుంది.

హుక్కుల్లో 'వాటర్‌ఫాల్' అనే రకం ఉంది. ముందున్న ప్లగిన్ మార్చి వదిలిందే తర్వాతి ప్లగిన్‌కు అందుతుంది. పైనోళ్లు వదిలితేనే కిందోళ్లకు నీళ్లు. చివరి ఆయకట్టులో పుట్టినవాడికి ఇది వేరే చెప్పాలా?

నేను రాసిన మొదటి ప్లగిన్‌లో, పని అయిపోయిందని తిరిగి కబురు చెప్పే కాల్‌బ్యాక్‌ను పిలవడం మరిచిపోయాను. ఎర్రరు రాలేదు, మూటా రాలేదు. సగం రోజు పోయింది. నాయనకు చెబితే, "తూము తెరిచి కిందోళ్లకు కబురు చెప్పకుండా ఇంటికి పోయినట్లుంది నీ పని" అన్నాడు.

నా తప్పుతో ఒక పూటే పోయింది. అసలు భయం వేరే. ప్లగిన్‌కు దక్కేది ఒక తూము కాదు, కాలవంతా. ఏ ఫైలులోనైనా ఏదైనా కలపగలదు, తీసేయగలదు. అది నడిచేది మన కంప్యూటర్లో, మన అధికారాలతో. ఇలాంటి అధికారం చెడ్డ చేతిలో పడితే ఏమవుతుందో 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే లైబ్రరీ చూపించింది. వారానికి పది లక్షలకు పైగా డౌన్‌లోడ్లున్న దాన్ని, విసిగిపోయిన రచయిత, చూసుకుంటానని అడిగిన ఒక అపరిచితుడికి అప్పగించాడు. ఆ మనిషి అందులోకి ఇంకో ప్యాకేజీని చొప్పించాడు. బిట్‌కాయిన్లు దాచుకునే కోపే అనే యాప్‌ను మూటకట్టే సమయంలో మాత్రమే ఆ ప్యాకేజీలోని దొంగ కోడు నిద్రలేచేది. అది ప్లగిన్ కాకపోయినా, దొంగ కాపు కాసింది మాత్రం ఈ కాలవ గట్టు మీదే.

చిన్న ప్రాజెక్టుకే వందల ప్యాకేజీలు, అన్నీ ఎవరు చదువుతారంటారు. నిజమే, నేనూ చదవను. కానీ వెబ్‌ప్యాక్ కాన్ఫిగ్ ఫైలులో మన చేత్తో రాసే ప్లగిన్లు మహా అయితే పది. వాటి సంగతి తెలుసుకోవడం ఏ మాత్రం బరువు?

ఈ అలవాటు చదువుకునేటప్పుడే రావాలి. మా ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది, కర్నూలు జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీడీఎం ఉంది. చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. వెబ్ డెవలప్‌మెంట్ చెప్పే ప్రతి చోటా ఒక్క ల్యాబు పూట ప్లగిన్లకు ఇవ్వాలి. తయారైన ఫైళ్ల సైజులు చూపించే పదిహేను లైన్ల ప్లగిన్‌ను పిల్లలు సొంతంగా రాయాలి. రాసిన రోజే తెలుస్తుంది, తమ చేతికి ఎంత అధికారం వచ్చిందో. నా దగ్గరికి ఇంటర్న్‌షిప్‌కు వచ్చేవాళ్లను మొదటి రోజు అడిగేది ఒకటే: ఈ ప్లగిన్ ఏ హుక్కు మీద కూర్చుంది, దాన్ని ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు?

నాయన రిటైరయ్యేటప్పుడు కొత్త లస్కరును మూడు రోజులు గట్టెంబడి తిప్పాడు. ఏ షట్టరు బిగుసుకుంటుందో, ఏ తూము దగ్గరికి రాత్రిపూట ఎవరొస్తారో అన్నీ చెప్పాడు. హ్యాండిలు చేతికిచ్చింది నాలుగో రోజు.