జట్టు పోయింది... పాట మిగిలింది!

అది 1984 మార్చి 28. అమెరికాలోని బాల్టిమోర్‌లో మంచు పడుతున్న రాత్రి. అక్కడి ఫుట్‌బాల్ జట్టు ‘కోల్ట్స్’ శిబిరం ముందు వరసగా లారీలు వచ్చి ఆగాయి. హెల్మెట్లూ, బల్లలూ, ఫైళ్లూ... అన్నీ సర్దేసుకుని తెల్లారేసరికల్లా జట్టు ఇండియానాపొలిస్ దారి పట్టింది. స్టేడియం గురించి యజమానికీ ప్రభుత్వానికీ బేరం కుదరకపోవడమే కారణం. ఊరికి మిగిలింది జట్టు పాట, దాన్ని వాయించే బ్యాండు. అంతే!

అమెరికన్ల ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆట. జట్టుకో పాట ఉండటం అక్కడి కాలేజీల నుంచి వచ్చిన అలవాటు. ప్రొఫెషనల్ జట్లలో గ్రీన్‌బే ప్యాకర్స్‌కి 1931లోనే సొంత పాట ఉంది. జట్టు స్కోరు చేయగానే బ్యాండు మోగుతుంది, స్టేడియమంతా లేచి గొంతు కలుపుతుంది. సాహిత్యం గొప్పగా ఏమీ ఉండదు. కొట్టండి, గెలవండి, ఊరి పేరు నిలబెట్టండి... ఇదే వరస.

ఆ మాత్రం దానికి అంత విలువా అంటే, వాషింగ్టన్ కథ వినాలి. ఆ జట్టు పాటకి 1938లో మాటలు రాసింది యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ భార్య, మూకీ చిత్రాల తార కోరిన్ గ్రిఫిత్. తర్వాత డాలస్‌లో కొత్త జట్టు రాకుండా మార్షల్ అడ్డుపడుతుంటే, అక్కడి కోటీశ్వరుడు క్లింట్ మర్చిసన్ గుట్టుగా ఆ పాట హక్కులు కొనేశాడు. పాట కావాలంటే ఓటేయాలన్నాడు. మార్షల్ దిగొచ్చాడు. 1960లో డాలస్ కౌబాయ్స్ బరిలోకి దిగింది!

బాల్టిమోర్ బ్యాండుకి అంత డబ్బూ లేదు, పలుకుబడీ లేదు. 1947 నుంచీ వాయిస్తున్న వాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. జట్టు వెళ్లిపోయిన రాత్రి వాళ్ల యూనిఫాంలు డ్రైక్లీనింగ్‌లో ఉండి బతికిపోయాయి. వాటిని తెచ్చి కొన్నాళ్లు శ్మశానంలో దాచారు! ఆపైన పరేడ్లలో, వేరే ఊళ్ల మ్యాచ్‌ల విరామంలో వాయిస్తూనే ఉన్నారు... జట్టు లేని బ్యాండు! 1987లో కొత్త స్టేడియం నిధుల బిల్లు చట్టసభ ముందుకొస్తే, అనాపొలిస్‌లోని సభా భవనం ఎదుట నిలబడి ఆ పాటే మోగించారు. బిల్లు నెగ్గింది.

1996లో ఊరికి ‘రేవెన్స్’ జట్టొచ్చింది. అదీ క్లీవ్‌లాండ్ నుంచి తరలివచ్చిందే. అంటే 12 ఏళ్ల కిందట వీళ్లు పడ్డ ఏడుపే ఈసారి ఆ ఊరి వంతయిందన్నమాట. బ్యాండు 1998లో ‘మార్చింగ్ రేవెన్స్’గా మారింది. బాల్టిమోర్‌లోనే పుట్టిన దర్శకుడు బ్యారీ లెవిన్సన్ 2009లో వీళ్లమీద డాక్యుమెంటరీ తీశారు. మరుసటేడు పాత కోల్ట్స్ బాణీకే కొత్త మాటలు తొడిగి రేవెన్స్ పాట చేసేశారు. కోల్ట్స్ అన్న పేరు, నీలి లాడం గుర్తు ఇండియానాపొలిస్ వెళ్లిపోయాయి. బాణీ మాత్రం బాల్టిమోర్‌లోనే ఉంది.