ఆపినా ఆగని పెట్టె

రాత్రి దీపాలన్నీ ఆర్పి పడుకోబోయే ముందు ఒక్కసారి ముందుగదిలో నిలబడి చూడండి. టెలివిజను అడుగున ఒక ఎర్రచుక్క వుంటుంది. దాని పక్కన సెట్‌టాప్ బాక్సులో మరొకటి. అన్నిటినీ ఆపేశామనే మనం అనుకుంటాం. మరి ఆ చుక్కలు ఎందుకు వెలుగుతున్నాయి?

చుక్కకు అయ్యే ఖర్చు స్వల్పమే. అసలు ఖర్చు దాని వెనక వుంది. పాత టెలివిజనుకు చేత్తో తిప్పే మీట వుండేది. "టక్"మని తిప్పితే విద్యుత్ వలయం తెగిపోయేది. రిమోట్ వచ్చాక ఆ ఏర్పాటు పోయింది. మనం మంచం మీంచి పంపే పరారుణ కిరణాలను పట్టుకోవాలంటే లోపల ఒక చిన్న వలయం రాత్రింబవళ్ళు మేలుకొని వుండాలి. దాన్ని కాపలావాడనుకోండి. కాపలావాడికి కూలి ఇవ్వక తప్పదు. ఎంత ఇస్తున్నామన్నదే నా తగవు.

ఆ వలయానికి కావలసింది అయిదో, పన్నెండో వోల్టులు. గోడలోంచి వచ్చేది 230 వోల్టులు. ఈ తేడాను సర్దటానికి పాతరకం అడాప్టర్లలో ఇనుపరేకుల దొంతరకు రాగితీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు వుండేది. మనకు వచ్చేది సెకనుకు 50 ఆవృత్తుల ఏకాంతర విద్యుత్తు కదా! కాబట్టి ఆ ఇనుము సెకనుకు 50 సార్లు ఒకవైపూ, 50 సార్లు ఎదురువైపూ అయస్కాంతంగా మారుతూ వుంటుంది. దానికి ఏ పరికరమూ తగిలించకపోయినా ఈ మార్పు ఆగదు. మారినప్పుడల్లా కొంత శక్తి వేడిగా పోతుంది. పాత టేప్‌రికార్డరు అడాప్టరు ఇంట్లో వుంటే గంటసేపు ప్లగ్గులో వుంచి, తీశాక తాకి చూడండి. గోరువెచ్చగా వుంటుంది. ఆ వెచ్చదనానికి కూడా మీ నాన్నగారు బిల్లు కట్టారు!

నేటి ఫోను ఛార్జర్లలో ఇంత బరువైన ఇనుము లేదు. ఫోను తగిలించనప్పుడు మంచి ఛార్జరు తీసుకునేది వాటులో చిన్న భిన్నం మాత్రమే. ఏడాదంతా ప్లగ్గులో వదిలేసినా ఒకటి రెండు యూనిట్లకు మించదు. ఛార్జరు తీయలేదని ఇంట్లో చివాట్లు తిన్నవారు ఈ లెక్క చూపించుకోవచ్చు.

నిజంగా చివాట్లు తినవలసింది సెట్‌టాప్ బాక్సు. రిమోట్ నొక్కితే చాలా బాక్సుల్లో బొమ్మ పోతుంది, ఎర్రచుక్క వస్తుంది. కాని లోపలి యంత్రాంగం దాదాపు ఎప్పటిలాగే పనిచేస్తూ వుంటుంది. దానికి 10 వాట్లు అవుతున్నాయనుకుందాం. రోజుకు 20 గంటలు "ఆపి" వుంచితే 200 వాట్‌గంటలు. అయిదు రోజులకు ఒక యూనిట్, ఏడాదికి 73 యూనిట్లు. ఇటువంటి బాక్సులు కోటి వుంటే, 100 మెగావాట్లు. నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రంలో ఒక్కో యంత్రం సామర్థ్యం దాదాపు అంతే. ఎవరూ చూడని బొమ్మల కోసం ఒక యంత్రం తిరుగుతున్నట్టే!

"గోడమీద స్విచ్ ఆపేస్తే సరిపోదా?" అని మీరడగవచ్చు. వీలైనచోట తప్పక ఆపండి. ప్లగ్గు పక్కనే స్విచ్ వుండటం మన అదృష్టం. అమెరికా గోడలకు మామూలుగా అది వుండదు. కాని మన ఇళ్ళలో ఆ స్విచ్ చాలాసార్లు బీరువా వెనక వుంటుంది. పైగా మళ్ళీ వేస్తే బాక్సు తేరుకోవడానికి కొంతసేపు పడుతుంది. వార్తల వేళకు కూర్చున్న తాతయ్య అంతసేపు ఆగుతారా? కోటిమంది రోజూ రాత్రి గుర్తుపెట్టుకొని లేవాలనటం కంటే, బాక్సును రూపొందించే ఇంజనీరు ఒక్కసారి శ్రద్ధ తీసుకోవటం సులభం. "ఆపు" మీట నొక్కితే పరికరం ఆగాలి. ఆగకపోతే తప్పు తయారుచేసినవారిది, తాతయ్యది కాదు.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. వేచివున్న పరికరం ఒక వాటుకు మించి తీసుకోరాదని 1999లోనే అంతర్జాతీయ ఇంధన సంస్థ సూచించింది. యూరప్ దేశాలు 2008లో నిబంధన చేశాయి. 2010 నుంచి చాలా గృహోపకరణాలకు ఒక వాటు, 2013 నుంచి అర వాటు హద్దు పెట్టాయి. అంకెలు చూపే తెర వున్నవాటికి కొంచెం సడలింపు ఇచ్చాయి. పరికరాలు ఖరీదై కొనలేనివి అవుతాయేమోనన్న భయం నిజం కాలేదు. దక్షిణ కొరియా మరో పద్ధతి పట్టింది. హద్దు దాటిన పరికరానికి హెచ్చరిక చీటీ అంటించాలన్నది. 2008లో టెలివిజన్లతో మొదలుపెట్టింది. నాకు ఈ చీటీ పద్ధతే ఎక్కువ నచ్చింది. "ఈ బాక్సు ఆపినా 10 వాట్లు తీసుకుంటుంది" అని పెద్ద అక్షరాలతో రాసివుంటే దుకాణంలో దాన్ని ఎవరు ముట్టుకుంటారు?

మీ ఇంటి సంగతి మీరే లెక్కకట్టవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరుకు ఒక చిన్న ఎర్రదీపం వుంటుంది. దాని దగ్గర యూనిట్‌కు 3200 మినుకులనో, మరో అంకెనో రాసివుంటుంది. పెద్దవాళ్ళను అడిగి ఫ్రిజ్, ఫాన్లు, దీపాలు కాసేపు ఆపించండి. రిమోట్‌తో ఆపినవి మాత్రం అలాగే వుంచండి. మీటరును తాకకుండా, రెండు మినుకుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంలో చూడండి. 3200 మినుకుల మీటరైతే 1125ను ఆ సెకన్లతో భాగించండి. 75 సెకన్లు పడితే 15 వాట్లన్నమాట. మరీ స్వల్పమైన వాడకాన్ని కొన్ని మీటర్లు పట్టుకోలేవు, కాబట్టి దీపం ఎంతకీ మినుకకపోయినా ఆశ్చర్యపడకండి. తర్వాత సెట్‌టాప్ బాక్సును గోడ దగ్గర ఆపించి మళ్ళీ లెక్కపెట్టండి.