జానెడు గుట్ట, బారెడు భ్రమ

కాలనీలో ఓ పిల్లాడికి బైకు తగులుతుంది. ఆ సాయంత్రమే సంక్షేమ సంఘం కూర్చుంటుంది. కార్పొరేటరుకు అర్జీ వెళ్తుంది. ఆయన పలక్కపోతే ఎవరింటి పనిలోనో మిగిలిన కంకర, రెండు బస్తాల సిమెంటు తెచ్చి రాత్రికి రాత్రి రోడ్డుకు అడ్డంగా ఓ గుట్ట పోస్తారు. తెల్లారేసరికి సమస్య తీరినట్టే. విశాఖలో అడిగినా వరంగల్‌లో అడిగినా వేగానికి కాలనీవాసులు చెప్పే మందు ఒకటే: “బ్రేకర్ వేస్తే దారికొస్తారు.”

దారికి రావడం లేదు సరికదా, కొందరు దారిలోనే పోతున్నారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2015లో దేశం మొత్తం మీద స్పీడ్ బ్రేకర్ల దగ్గర జరిగిన ప్రమాదాలు 11,084. చనిపోయినవారు 3,409 మంది. అంటే రోజుకు తొమ్మిది మందికి పైగా. అన్నీ కాలనీ రోడ్ల మీద జరిగినవి కావు, నిజమే. అయినా ప్రాణం కాపాడుతుందని కట్టుకున్నది ఇన్ని ప్రాణాలు తీస్తుంటే ఆ మందును ఇంకోసారి పరీక్షించి చూడాలి కదా!

బ్రేకర్ అనేదే చెడ్డదని కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే దానికి కొలతలు రాసిపెట్టింది. వెడల్పు 3.7 మీటర్లు, నడిమధ్య ఎత్తు 10 సెంటీమీటర్లు, పైన గుండ్రటి వంపు. 1970ల తొలినాళ్లలో బ్రిటన్ రవాణా పరిశోధనశాల ప్రయోగాలు చేసి తేల్చిన ఆకారం కూడా ఇదే. దాని మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఇబ్బంది ఉండదు, మించితే కుదుపు తప్పదు. నిదానంగా వెళ్లేవాడిని వదిలి, దూకుడుగా వచ్చేవాడిని పట్టుకోవడం దాని పని.

కాలనీ గుట్టది సరిగ్గా తిరగబడిన న్యాయం. అడుగో అడుగున్నరో వెడల్పు, పక్కలు నిటారు, రంగు ఉండదు, ముందు హెచ్చరిక బోర్డు ఉండదు. మెల్లగా వచ్చే ఆటోలోని గర్భిణికి, స్కూటరు వెనక పక్కకు తిరిగి కూర్చున్న పెద్దావిడకు నడుం విరిగినంత పనవుతుంది. మంచి సస్పెన్షన్ ఉన్న పెద్ద కారు మాత్రం అంత ఇరుకు గుట్టను వేగంగా దూకిస్తే లోపలున్నవాళ్లకు కుదుపు పెద్దగా తెలియదు. బైకులవాళ్లయితే గుట్టనే ఎక్కరు. వాన నీళ్లు పోవడానికి అంచున వదిలిన సందులోంచి దూరిపోతారు. జనం నడిచేది ఆ అంచునే.

ఇక రెండో మందు బోర్డు, చలానా. హైదరాబాద్‌లో కాలనీ రోడ్లపై వేగ పరిమితి 30 కిలోమీటర్లని 2023లోనే ప్రకటించారు. ఆ అంకె మంచిదే. డ్రైవరు తేరుకోవడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, 30 మీద వచ్చే కారు పొడి రోడ్డుపై సుమారు 13 మీటర్లలో పూర్తిగా ఆగుతుంది. 50 మీద వచ్చే కారు అదే 13 మీటర్లు దాటాక గాని బ్రేకు పట్టుకోవడమే మొదలుపెట్టదు. బంతి వెనక పరుగెత్తుకొచ్చిన పిల్లాడి బతుకు ఆ తేడాలోనే ఉంది. కానీ నలభై అడుగుల వెడల్పున, గీత గీసినట్టు నేరుగా, నున్నటి సీసీ రోడ్డు వేసి దాని మొదట్లో 30 అని బోర్డు పాతితే లాభమేమిటి? బోర్డు ఒకటి చెబుతుంటే రోడ్డు ఇంకోటి చెబుతోంది. డ్రైవరు కాలు వినేది రోడ్డు మాటే.

“ఇలాంటి పరిమితులు విదేశాల్లో సాగుతాయి, మన జనం మాట వినరు” అనేవాళ్లున్నారు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1960ల చివర్లో మొదలైన ప్రయోగం జనం మాట వింటారన్న నమ్మకం మీద సాగింది కాదు. వీధిని వంకర తిప్పారు, చెట్లు నాటారు, బల్లలు వేశారు. అక్కడ జోరుగా నడపడం కుదరకుండా చేశారు. 1976లో ఆ వీధులకు చట్టమే వచ్చింది. హెల్సింకీలో ఇప్పుడు సగానికి పైగా వీధుల్లో పరిమితి 30. దానికి తోడు వీధుల ఆకృతి మార్చారు, కెమెరాలు పెట్టారు. 2024 జూలై నుంచి ఏడాది పాటు ఆ నగరంలో రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ చనిపోలేదు. అంత దూరం ఎందుకు, మన పాత ఊళ్లలో అరుగులు ముందుకొచ్చి, పదడుగులకో మలుపు తిరిగే వీధిలో ఎంతటి దూకుడు కుర్రాడైనా బైకును యాభై మీద నడపగలడా?

కొత్త కాలనీల్లోనూ ఇది సాధ్యమే. మలుపు దగ్గర విశాలంగా కోసిన మూలను బిగించాలి. బండ్లను ఒక వంద అడుగులు ఎడమన, తర్వాతి వంద అడుగులు కుడిన నిలిపితే తిన్నని రోడ్డు దానంతటదే వంకర తిరుగుతుంది. బడి గేటు ముందు రోడ్డు దాటేచోటును కాలిబాట ఎత్తుకు లేపాలి. మెయిన్ రోడ్డు జామ్ తప్పించుకోవడానికి కాలనీలోకి దూరే బయటి బండ్లకు అడ్డదారి మూసేయాలి.

1988 నాటి ఆ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం పేరులో స్పీడ్ బ్రేకర్లే ఉండేవి. 2018లో దాన్ని తిరగరాసి పేరే మార్చారు. ఇప్పుడది మొత్తం వీధి వేగాన్ని నెమ్మదింపజేసే పద్ధతుల పుస్తకం. 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ చేరింది. నిర్దేశించిన ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసినందువల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులైన అధికారులకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. సంక్షేమ సంఘాలు ఈసారి అర్జీ రాసేటప్పుడు “ఒక బ్రేకర్ వేయించగలరు” అన్న పాత వాక్యం కొట్టేసి, ఈ పుస్తకం ప్రకారం వీధిని దిద్దమని, ఆ సెక్షన్ నంబరు కూడా వేసి రాయాలి.