ఆ తల్లులు ఏ కోర్సు మధ్యలో ఆపారు?

"కోర్సు పూర్తిగా వాడలేదు కదూ?" మందు పనిచెయ్యనప్పుడల్లా ఆసుపత్రిలో ఆడవాళ్ళని నిలదీసే మాట ఇది. యాంటీబయాటిక్స్‌ని ఇష్టమొచ్చినట్టు వాడటం వల్ల వాటికి లొంగని బాక్టీరియా పెరుగుతోందన్నది నిజమే, కాదనం. కానీ అయిదు రోజుల మందులో మూడు రోజులది కొని, మిగిలిన డబ్బుతో బియ్యం తెచ్చుకునే మనిషినొక్కదాన్నే దోషిగా నిలబెట్టడం ఏం న్యాయం?

పటాన్‌చెరు సంగతి చూడండి. సుమారు 90 మందుల కంపెనీల మురుగునీరు చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. శుద్ధి చేశాక వదిలిన నీరు సుమా! అందులో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఒక్క రోజులో వదిలింది దాదాపు 45 కిలోలని లెక్కగట్టారు. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడేంత! ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసేది. చుట్టుపక్కల ఊళ్ళ బావుల్లోనూ మందుల అవశేషాలున్నట్టు 2009లో మరో పరిశీలన తేల్చింది. ఆ నీళ్ళు తోడేదెవరు, ఆ నీళ్ళతో గుడ్డలుతికేదెవరు, పశువుల్ని కడిగేదెవరు? వాళ్ళకి ఏ డాక్టరూ చీటీ రాయలేదు.

మందు కలిసిన నీటిలో బలహీనమైన బాక్టీరియా చస్తుంది, తట్టుకున్నది పెరుగుతుంది. తట్టుకునే జన్యువుని పక్కనున్న బాక్టీరియాకి కూడా అందిస్తుంది. వాగుకీ వార్డుకీ మధ్య గోడ లేదు. ఢిల్లీలో వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లో, కొళాయి నీటి నమూనాలు 50 పరీక్షిస్తే రెండింటిలో ఎన్‌డీఎం-1 జన్యువు దొరికిందని 2011లో వెల్లడైంది. ఆఖరి అస్త్రంగా దాచుకున్న కార్బపెనెమ్ మందుల్ని కూడా పనికిరాకుండా చేసే జన్యువది. అదే నగరంలో మూడు పెద్ద ఆసుపత్రుల్లో పుట్టిన పసికందుల మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. పిల్లలకి సోకిన ఎసినెటోబాక్టర్ బాక్టీరియాలో నూటికి 82 అనేక మందులకి లొంగలేదు. ఆ తల్లులు ఏ కోర్సు మధ్యలో ఆపారు?

ఫ్యాక్టరీలు వదిలే నీటిలో యాంటీబయాటిక్స్ ఎంతకి మించకూడదో చెబుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు మాయమయ్యాయి. దీని మీద మన సంఘాల నుంచి గట్టిగా ఒక్క ధర్నా జరగకపోవడం ఆశ్చర్యమే.

మందుల ఫ్యాక్టరీ విస్తరణ కోసం ఎక్కడ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినా, ముందు వరసలో కూర్చుని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మీరు వదిలే నీటిలో ఏ మందు ఎంత ఉంది? కాలుష్య నియంత్రణ మండలిని సమాచార హక్కు చట్టం కింద కూడా ఇదే అడగాలి. జవాబు తెలుగులో, అంకెలతో, ఆ నీరు పారే ఊళ్ళ పేర్లతో సహా ఇమ్మనాలి.