విశాఖలో వారానికొక సాయంత్రం, అందరికీ ఒక వేదిక



మన నగరంలో ప్రజల డబ్బుతో కట్టిన ఒక హాలులో వారానికి ఒక సాయంత్రం గే, లెస్బియన్, ట్రాన్స్ కళాకారుల పాట, ఆట, నాటకం, హాస్యం జరగాలి. టికెట్టు కొన్నవాళ్లెవరైనా వచ్చి కూర్చోవచ్చు. పక్కనున్న మనిషి నీకేమవుతారని గేటు దగ్గర ఎవరూ అడగకూడదు. మేం కోరుతున్నది ఇంతే.

ఈ ఊరిని పర్యాటక నగరం చేస్తామని ప్రతి ప్రభుత్వమూ చెబుతూనే ఉంది. 2020లో రుషికొండ తీరానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. కైలాసగిరి ఉంది, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది, భీమిలి దాకా సముద్రం పక్కనే రోడ్డు ఉంది. పొద్దుగూకాక మాత్రం ఏముంది? ఆర్.కె. బీచ్‌లో మురీ మిక్చర్ తిని ఇంటికి పోవడం, లేదంటే స్టార్ హోటల్లో పబ్బు. ఆ బీచ్‌లో జంటలు చేయీ చేయీ పట్టుకుని నడుస్తుంటే, అదే వయసున్న ఇద్దరు గే కుర్రాళ్లు రెండడుగుల ఎడం పాటిస్తూ నడుస్తారు. ట్రాన్స్ మహిళలకు ఆ దాపరికమూ కుదరదు. వాళ్లు కనబడగానే ఎవరో ఒకరు ఈల వేస్తారు.

కలుసుకోవడానికి వెలుగున్న చోటు లేనివాళ్లు చీకటి చోట్లు వెతుక్కుంటారు. డేటింగ్ యాప్‌లో పరిచయం చేసుకుని, ఊరి చివరికి రమ్మని, కొట్టి, ఫోనూ డబ్బూ లాక్కుని, ఇంట్లో చెబుతామని బెదిరించే ముఠాల వార్తలు దేశమంతటా వస్తూనే ఉన్నాయి. బాధితుడు స్టేషన్‌కు వెళ్లడు. వెళితే నాన్నకు తెలుస్తుంది, ఆఫీసులో తెలుస్తుంది. పైగా 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, పాత శిక్షాస్మృతిలో ‘అసహజ’ సంబంధాలను శిక్షించిన 377వ సెక్షను పూర్తిగా పోయింది. పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని 2018లోనే తేలింది కాబట్టి ఆ మేరకు అది పోవలసిందే. కానీ లైంగిక బలవంతానికి గురైన మగవాడికి మిగిలిన ప్రత్యేక రక్షణా దాంతోపాటే పోయింది. అత్యాచారం సెక్షను అతనికి వర్తించదు. చట్టం ఇంత లోపంగా ఉన్నప్పుడు నలుగురూ ఉండే చోటే అతనికి భద్రత.

ఇది మేం దయ చూపమని అడగడం కాదు. హోటళ్లు, దుకాణాలు, ప్రజా వినోద స్థలాల్లోకి లింగభేదం కారణంగా ఎవరినీ రానివ్వకుండా ఆపరాదని రాజ్యాంగం 15వ అధికరణంలో రాసి ఉంది. లైంగిక ధోరణి కూడా ఆ రక్షణ కిందకే వస్తుందని 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2019 నాటి చట్టం ట్రాన్స్ వ్యక్తులపై వివక్షను నిషేధించింది. కాగితం మీద ఉన్న ఆ హక్కు మన బీచ్ రోడ్డు మీద కనబడాలి.

ఇలాంటి వేదిక కొత్తేమీ కాదు. ఇంగ్లండ్‌లో బ్లాక్‌పూల్ అనే సముద్రతీర పట్టణం ఉంది. లాంకషైర్ నూలు మిల్లుల కార్మికులు సెలవులకు వెళ్లే ఊరు అది. జనం చౌక విమానాల్లో స్పెయిన్ వెళ్లడం మొదలయ్యాక కళ తప్పింది. ఆ ఊళ్లో బేసిల్ న్యూబీ 1979లో ఫ్లెమింగో అనే గే క్లబ్బు, 1994లో ఫన్నీ గర్ల్స్ అనే డ్రాగ్ ప్రదర్శనశాల తెరిచాడు. మగవాళ్లు ఆడవేషం కట్టి ఆడి పాడే ఆ ప్రదర్శన 2002లో పాత ఓడియన్ సినిమా హాలులోకి మారింది. గే ప్రేక్షకులతోపాటు పెళ్లికూతుళ్లూ, వాళ్ల స్నేహితురాళ్లూ గుంపులుగా వచ్చి చూసే ఆట అది. మనకు 1860లో 377 అంటగట్టిన దేశమే తన చట్టాన్ని 1967లో సడలించుకుంది. మనకు మరో అర్ధ శతాబ్దం పట్టింది.

ఇది మన సంస్కృతి కాదనేవాళ్లు స్థానం నరసింహారావును గుర్తు చేసుకోవాలి. ఆయన సత్యభామగా రంగం మీదికి వస్తే తెలుగునాడు వెర్రెత్తిపోయింది, ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామగా జడ వేసుకుని నిలబడితే ఆడవాళ్లే ముచ్చటపడ్డారు. ఆ మహానుభావుల సొంత జీవితాల గురించి మేం ఏమీ అనడం లేదు. మగవాడు ఆడరూపంలో ఆడితే చూసి గౌరవించడం తెలుగువాళ్లకు తెలుసునని మాత్రమే అంటున్నాం. ఆ గౌరవం ఇవాళ ఒక ట్రాన్స్ నర్తకికీ, ఒక డ్రాగ్ కళాకారుడికీ ఎందుకు దక్కకూడదు?

ఇంకో అభ్యంతరాన్ని మేం తేలిగ్గా తీసుకోం. రాత్రి వినోదం అనగానే మద్యమేనని ఆడవాళ్లు భయపడతారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడిన రాష్ట్రం ఇది. ఆ భయానికి కారణాలున్నాయి. అందుకే మేం అడిగే హాలులో బారు వద్దు. టీ, కాఫీ, నాలుగు పునుగులు చాలు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే టికెట్టు ఇవ్వండి. గాజువాక, మధురవాడ నుంచి వచ్చినవాళ్లకు చివరి బస్సు అందేలా తొమ్మిదిన్నరకల్లా ముగించండి. వాకిట్లో ఒక మహిళా కానిస్టేబుల్‌ను ఉంచండి. ప్రేక్షకులను ప్రశ్నించడానికి కాదు, అల్లరి చేసేవాళ్లను ఆపడానికి.

కళాకారులకు పారితోషికం ఇవ్వాలి. ఇది మాకు అన్నిటికన్నా ముఖ్యం. ట్రాన్స్ వ్యక్తులకు ప్రభుత్వం నెలకు 4000 రూపాయల పింఛను ఇస్తోంది, సంతోషం. కానీ గొంతున్న మనిషికి, అడుగు తెలిసిన మనిషికి పని కావాలి. ఇవాళ వాళ్ల ఆటపాటలకు దొరుకుతున్న కూలి రైలు పెట్టెల్లో చప్పట్లు కొడితే రాలే చిల్లర. సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం ఉంది. ఖాళీగా ఉన్న ఒక సాయంత్రం తక్కువ అద్దెకు ఇస్తే చాలు, టికెట్ల డబ్బు కళాకారులకే చెందుతుంది.

ఈ కోరికను మీ మాటల్లో ఒక అర్జీగా రాయండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గర ఇవ్వండి, రసీదు తీసుకోండి. మీ వార్డు కార్పొరేటర్‌కు ఒక ప్రతి ఇవ్వండి. మీ ఇంట్లో గే బిడ్డ ఉన్నా లేకపోయినా సంతకం చేయండి.